డ్యామ్ కింద ట్రౌట్ పట్టాలంటే ముందు నీళ్ళ టైమ్ తెలుసుకోవాలి

మీరు అడిగింది ఇదీ: పటమటలో ఉంటారు, రిటైరయ్యారు. ఏప్రిల్‌లో అమ్మాయి దగ్గరికి అర్కాన్సా రాష్ట్రంలోని బెంటన్‌విల్ వెళ్ళి సెప్టెంబరు దాకా ఉంటారు. అల్లుడు ఫ్లై రాడ్ (ఈకలతో పురుగులా కట్టిన ఎరను విసిరే గాలం కర్ర, ఆ ఎరే ఫ్లై) కొని పెట్టాడు, బీవర్ డ్యామ్ కింద వైట్ రివర్‌లో ట్రౌట్ అనే చల్లనీటి చేపను పట్టుకుందాం రమ్మంటున్నాడు. చిన్నప్పటి నుంచి బందరు కాలువలోనూ కృష్ణలోనూ వెదురు గాలంతో చేపలు పట్టిన అలవాటు అక్కడ ఎంతవరకు పనికొస్తుంది, వెళ్ళేలోపు ఇక్కడ ఏమైనా ప్రాక్టీసు చేయొచ్చా, మన ప్రకాశం బ్యారేజీ కింద ట్రౌట్ ఎందుకు ఉండదు అని.

నేను కృష్ణలంక వాణ్ని. ఉద్యోగ రీత్యా చాలా కాలం అర్కాన్సాలో ఉన్నాను, ఫ్లై ఫిషింగ్ నేర్చుకున్నది ఆ వైట్ రివర్ మీదే. ఇప్పుడు తాడేపల్లిలో ఉంటున్నాను. ఈ రెండు నదులూ తెలుసు కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను. ఒక్క మాట మాత్రం ముందే చెప్పేస్తాను: డ్యామ్ కింద నదిలో రాడ్, ఫ్లై, విసరడం ఇవన్నీ తర్వాత. పవర్‌హౌస్‌లో టర్బైన్ ఎప్పుడు తిరుగుతుంది, ఎప్పుడు ఆగుతుంది అన్నది ముందు. అది తెలియకుండా నీళ్ళలో కాలు పెట్టొద్దు.

ముందు ట్రౌట్ అక్కడ ఎందుకు ఉందో చెప్తాను, ఎందుకంటే మిగతాదంతా దాని మీదే ఆధారపడి ఉంది. ట్రౌట్ అర్కాన్సా సొంత చేప కాదు. రెయిన్‌బో ట్రౌట్‌ది పసిఫిక్ తీరం, బ్రౌన్ ట్రౌట్‌ది యూరప్. వైట్ రివర్‌లో ఒకప్పుడు ఉన్నవి బాస్ లాంటి వెచ్చని నీటి చేపలు. 1944లో నార్‌ఫోర్క్ డ్యామ్, 1951లో బుల్ షోల్స్ డ్యామ్, 1966లో మీరు వెళ్ళబోయే బీవర్ డ్యామ్ పూర్తయ్యాయి. డ్యామ్ అడుగు నుంచి వచ్చే చల్లనీళ్ళకు పాత చేపలు తట్టుకోలేక తగ్గిపోయాయి. ఆ నష్టానికి బదులుగా ప్రభుత్వం ట్రౌట్ పిల్లల్ని తెచ్చి వదిలింది. అందుకోసమే 1957లో నార్‌ఫోర్క్ దగ్గర కేంద్ర ప్రభుత్వ హేచరీ (చేప పిల్లల్ని పెంచే కేంద్రం) పెట్టారు. అదే రాష్ట్రంలో లిటిల్ రెడ్ రివర్ అని ఇంకొక నది ఉంది, దాని మీద డ్యామ్‌ను 1963లో అమెరికా అధ్యక్షుడు కెనెడీ ప్రారంభించాడు. 1992లో ఆ డ్యామ్ కింద పడిన బ్రౌన్ ట్రౌట్ 40 పౌండ్ల 4 ఔన్సులు, అంటే 18 కిలోలకు పైనే. చాలా ఏళ్ళు అదే ప్రపంచ రికార్డు. మనిషి కట్టిన డ్యామ్, మనిషి తెచ్చి వదిలిన చేప కలిసి అంత పని చేశాయి.

చల్లనీళ్ళు ఎలా వస్తాయంటే, లోతైన జలాశయంలో వేసవిలో నీళ్ళు పొరలుగా విడిపోతాయి. పైన వెచ్చని పొర, అడుగున చల్లని పొర. చల్లనీరు బరువు కాబట్టి అడుగునే ఉండిపోతుంది, పైపొరతో కలవదు. చలికాలంలో ఆ చెరువంతా బాగా చల్లబడి ఉంటుంది కదా, ఆ చలి వేసవి మొత్తం అడుగున నిలవ ఉంటుంది. టర్బైన్‌కు నీళ్ళు వెళ్ళే ద్వారం లోతులో ఉంటుంది, అందుకని జులై ఎండలో కూడా కింద నదిలో నీళ్ళు సుమారు 10 డిగ్రీల దగ్గర ఉంటాయి. ట్రౌట్‌కి 10 నుంచి 18 డిగ్రీల మధ్య హాయి. 20 దాటితే ఇబ్బంది పడుతుంది, 25 దగ్గర చచ్చిపోతుంది. నీటిలో కరిగే ఆక్సిజన్ కూడా చలిని బట్టే ఉంటుంది: 10 డిగ్రీల నీటిలో లీటరుకు 11 మిల్లీగ్రాముల పైన కరుగుతుంది, 30 డిగ్రీల నీటిలో ఏడున్నర మాత్రమే.

ఇక మన బ్యారేజీ సంగతి. ప్రకాశం బ్యారేజీ నిలవ మూడు టీఎంసీల చిల్లర. లోతు లేదు, పొరలు పడే అవకాశం లేదు, పైగా అది కాలువలకు నీళ్ళు మళ్ళించడానికి కట్టింది. సరే, నాగార్జునసాగర్ లోతైనదే కదా, దాని పవర్‌హౌస్ కింద ట్రౌట్ వదిలితే బతకదా అని ఇదివరకు కొందరు నన్ను అడిగారు. బతకదు. జలాశయం అడుగున ఉండే చలి ఆ ఊరి చలికాలం ఇచ్చేదే. అర్కాన్సాలో జనవరిలో మంచు కురుస్తుంది. మన దగ్గర సంక్రాంతి నాడు కూడా కృష్ణ నీళ్ళు ట్రౌట్‌కి వెచ్చనే. ఎంత లోతు డ్యామ్ కట్టినా లేని చలిని దాచలేదు. మన దేశంలో ట్రౌట్ కావాలంటే కశ్మీర్, హిమాచల్, నీలగిరులు, మున్నార్ లాంటి కొండ ప్రాంతాలకే వెళ్ళాలి.

ఇప్పుడు అసలు విషయం. అర్కాన్సా డ్యామ్‌ల నుంచి నీళ్ళు సాగు కోసం రావు, ముఖ్యంగా కరెంటు కోసం వస్తాయి. కరెంటుకి గిరాకీ పెరిగినప్పుడు టర్బైన్ తిప్పుతారు, తగ్గగానే ఆపేస్తారు. వేసవిలో మధ్యాహ్నం ఇళ్ళల్లో ఏసీలన్నీ ఆన్ అవుతాయి, అప్పుడు నది పొంగుతుంది. తెల్లవారుజామున మోకాలి లోతు ఉన్న చోట సాయంత్రానికి మనిషి మునిగే నీళ్ళు ఉండొచ్చు. ఆకాశంలో మబ్బు తునక ఉండదు, వాన పడదు, అయినా వరద వస్తుంది. కృష్ణలో వరద ఎగువన శ్రీశైలం, సాగర్, పులిచింతల దాటుకుని వచ్చేలోపు మనకు టీవీలో రెండు మూడు రోజుల ముందే తెలుస్తుంది. 2024 సెప్టెంబరులో బ్యారేజీ దగ్గర 11 లక్షల 43 వేల క్యూసెక్కులు వచ్చినప్పుడు కూడా నీళ్ళు పెరగడం కళ్ళముందు గంట గంటకీ కనబడింది. అక్కడ అలా కాదు. ఒక బటన్ నొక్కితే డ్యామ్ దగ్గర నిమిషాల్లో మట్టం మారిపోతుంది.

ఇది మన తెలుగువాళ్ళకు కొత్తగా చెప్పాల్సిన విషయం కాకూడదు. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నదిలో, లార్జీ డ్యామ్ దిగువన, రాళ్ళ మీద నిలబడి ఫొటోలు దిగుతున్న హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. వాళ్ళు ఈత కోసం దిగలేదు, లోతులోకి వెళ్ళలేదు. ఎగువన నీళ్ళు వదిలారు, అంతే. ఆ వీడియో చూసిన వాళ్ళెవరూ మర్చిపోలేరు. డ్యామ్ కింద నదిలో దిగే ప్రతివాడూ ఆ పిల్లల్ని గుర్తు పెట్టుకోవాలని నా కోరిక.

కాబట్టి వెళ్ళే ముందు రోజు సాయంత్రం అల్లుడితో కూర్చుని రెండు చూడండి. ఒకటి, ఆ డ్యామ్‌ల కరెంటు అమ్మే ప్రభుత్వ సంస్థ సౌత్‌వెస్టర్న్ పవర్ అడ్మినిస్ట్రేషన్ వాళ్ళు మర్నాటి షెడ్యూలు గంట గంటకీ పెడతారు. అది మెగావాట్లలో ఉంటుంది. బీవర్‌లో రెండు యూనిట్లు, ఒక్కోటి 56 మెగావాట్లు. సున్నా అని ఉన్న గంటల్లో నది తక్కువగా ఉంటుంది, 56 చుట్టూ ఉంటే ఒక యూనిట్, 112 ఉంటే రెండూ తిరుగుతున్నట్టు. రెండోది, డ్యామ్‌లు నడిపే ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజినీర్స్ వాళ్ళ సైట్‌లో ఇప్పుడు ఎంత నీరు వదులుతున్నారో సీఎఫ్‌ఎస్‌లో ఉంటుంది. సీఎఫ్‌ఎస్ అంటే కంగారు పడకండి, అది మన క్యూసెక్కే. బెజవాడ మనిషికి అవుట్‌ఫ్లో ఎంత అని అడగడం వేరే నేర్పక్కర్లేదు.

అయితే ఆ షెడ్యూలు మాట ఇచ్చినట్టు కాదు. కరెంటు అవసరమైతే చెప్పకుండానే మార్చేస్తారు. అందుకని నీళ్ళలో ఉన్నంతసేపూ మీ కళ్ళు పని చేయాలి. దిగగానే ఒడ్డున సగం మునిగిన రాయి ఒకటి చూసి పెట్టుకోండి. ప్రతి పది నిమిషాలకూ ఒకసారి దాన్ని చూడండి. తడి గీత పైకి జరిగితే, ఇంకొక్కసారి విసిరి చూద్దాం అనుకోకుండా బయటికి రండి. నీళ్ళ చప్పుడు మారినా, ఎండుటాకులు, పుల్లలు, నాచు ముక్కలు ఒక్కసారిగా తేలి రావడం మొదలైనా అదే అర్థం. డ్యామ్ దగ్గర హారన్ మోగుతుంది, కానీ కొంత దూరం వెళ్తే అది వినబడదు. మీరు వెళ్ళబోయే చోటు డ్యామ్‌కి దూరమైతే నీళ్ళు ఆలస్యంగా చేరతాయి, ఆలస్యంగానే తగ్గుతాయి. షెడ్యూల్లో సున్నా ఉందని ధీమాగా దిగితే, రాత్రి వదిలిన నీళ్ళు అప్పుడే అక్కడికి చేరుతుండొచ్చు.

ఇంకొకటి, ఎవరూ చెప్పనిది. నీళ్ళు పెరగడం మొదలైన మొదటి నిమిషాల్లో ట్రౌట్ పిచ్చిగా తింటుంది. నీటి తోపుకి రాళ్ళ కింద ఉన్న పురుగులన్నీ కొట్టుకొస్తాయి కాబట్టి. పొద్దుటి నుంచి ఒక్కటీ తగలని చోట వరసగా కొడతాయి. అప్పుడు మనిషి బయటికి రావాలనుకోడు. నిజానికి చేపలు కారణం లేకుండా ఒక్కసారి విజృంభించాయంటే, అదే మీరు రాయి వైపు చూడాల్సిన సమయం.

నది తక్కువగా ఉన్నప్పుడు మధ్యలో గులకరాళ్ళ దిబ్బలు, లంకలు బయటపడతాయి. అవతల ఒడ్డున చేప ఎగరడం కనిపిస్తుంది. ఆ దిబ్బల మీదికి దాటకండి. తిరిగి వచ్చే దారి మీ చేతిలో ఉండదు. మీ వయసులో మోకాలు దాటి దిగాల్సిన అవసరమే లేదు, చాలా చేపలు ఒడ్డుకి దగ్గర్లోనే ఉంటాయి. వేడర్లు (నీళ్ళలో దిగడానికి వేసుకునే, తడవని పొడుగు తొడుగు) వేసుకుంటే నడుముకి బెల్టు గట్టిగా బిగించండి, పడితే నీళ్ళు లోపలికి నిండకుండా ఉంటుంది. చేతికర్ర, లైఫ్ జాకెట్ రెండూ ఉండాలి. 10 డిగ్రీల నీళ్ళలో పడితే ఈత వచ్చినా ఊపిరి అందదు, చేతులు కాసేపటికే మొద్దుబారిపోతాయి. కృష్ణలో ఈత కొట్టిన ధైర్యం అక్కడ లెక్కలోకి రాదు.

మీరు వెళ్ళే నెలల గురించి. ఏప్రిల్, మే అక్కడ వానల కాలం. చెరువులు నిండి ఉంటే కొన్ని వారాల పాటు రాత్రీ పగలూ నీళ్ళు వదులుతారు. అప్పుడు దిగే పని లేదు, గైడ్‌ని పెట్టుకుని పడవలో వెళ్ళాలి లేదా ఊరుకోవాలి. ఉరుములు వినబడితే రాడ్ కింద పడేసి కారులోకి వెళ్ళిపోండి, గ్రాఫైట్ రాడ్ కరెంటును బాగా లాగుతుంది. జులై, ఆగస్టు మీకు మంచి నెలలు. పొద్దున్నే నది తగ్గి ఉంటుంది, నీటి మీద తెల్లగా పొగమంచు ఉంటుంది, మధ్యాహ్నం ఎండ ముదిరేలోపు ఇంటికి వచ్చేయొచ్చు. సెప్టెంబరు చివరికి వచ్చేసరికి అడుగు నీటిలో ఆక్సిజన్ తగ్గడం మొదలవుతుంది, చేప నీరసంగా ఉంటుంది. అప్పుడు పట్టిన చేపను ఎక్కువసేపు లాగి అలసిపోనివ్వకూడదు.

మొదటి రోజు మాత్రం బీవర్‌కి వెళ్ళకండి, ఇది నా గట్టి అభిప్రాయం. బెంటన్‌విల్ నుంచి ఉత్తరంగా సరిహద్దు దాటితే మిజోరీలో క్యాస్‌విల్ అనే ఊరి దగ్గర రోరింగ్ రివర్ స్టేట్ పార్కు ఉంది. అక్కడ నీళ్ళు కొండ కింద ఊట నుంచి వస్తాయి, డ్యామ్ లేదు, టర్బైన్ లేదు. ఏడాది పొడుగునా చల్లనీళ్ళే. హేచరీ ఉంది, ట్రౌట్ వదులుతూ ఉంటారు. ఒడ్డున నిలబడి నిశ్చింతగా విసరడం నేర్చుకోవచ్చు, మనవలను కూడా తీసుకెళ్ళొచ్చు. మార్చి 1 నుంచి అక్టోబరు 31 దాకా చేపలు ఇంటికి తెచ్చుకోనిచ్చే సీజన్. అది వేరే రాష్ట్రం కాబట్టి అక్కడి లైసెన్స్, ఆ ఒక్క రోజుకి చెల్లే ట్యాగ్ (అనుమతి చీటీ) విడిగా తీసుకోవాలి. అర్కాన్సాలో అయితే గేమ్ అండ్ ఫిష్ కమిషన్ లైసెన్స్‌తో పాటు ట్రౌట్ పర్మిట్ వేరుగా ఉంటుంది. ఒకటి కొని రెండోది మర్చిపోయి జరిమానా కట్టిన మనవాళ్ళను చూశాను. మీరు వీసా మీద వెళ్తారు కాబట్టి బయటి రాష్ట్రం వారి కేటగిరీలో కొనాలి.

ఇప్పుడు గాలం సంగతికి వద్దాం. మన గాలంలో సీసం గుండు బరువు దారాన్ని లాక్కెళ్తుంది. ఫ్లైకి బరువు ఉండదు. ఈకలు, దారం, చిన్న కొక్కెం, అంతే. బరువంతా లైన్‌లో ఉంటుంది, దాన్ని గాలిలో ఉయ్యాల లాగా వెనక్కీ ముందుకీ ఊపి విప్పుతారు. కాబట్టి బలం పనికిరాదు, ఆగడం పనికొస్తుంది. రాడ్ వెనక్కి తీసుకెళ్ళి ఒక్కసారి ఆపాలి. వెనక లైన్ మొత్తం తిన్నగా విప్పుకునే దాకా ఆగాలి. అప్పుడు ముందుకి తెచ్చి మళ్ళీ ఆపాలి. వెదురు గాలం విసిరిన చేయి ఆగదు, తోసేస్తుంది. అక్కడే మనవాళ్ళకు లైన్ మెడకు చుట్టుకుంటుంది. మణికట్టు వంచకుండా మోచేతి నుంచి కదపండి, బొటనవేలు హ్యాండిల్ పైన ఉంచండి.

ఇది బెజవాడలో నేర్చుకోవచ్చు. చవక రకం ఫ్లై రాడ్ ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు, లేదా అమెరికా నుంచి ఎవరైనా వస్తుంటే తెప్పించుకోండి. కొక్కెం కట్టకండి, చివర ఎర్ర ఊలు పోగు కట్టండి. పొద్దున్నే వాకింగ్‌కి జనం రాకముందు ఏదైనా కాలేజీ గ్రౌండ్‌లో పచ్చిక మీద అరగంట చాలు. ఎదురుగా ఒక చెప్పు పెట్టి ఊలు పోగు దాని దగ్గర మెత్తగా వాలేలా చూడండి. పది గజాల దూరం చక్కగా పడితే చాలు, వైట్ రివర్‌లో అంతకు మించి అవసరం అరుదు. వెనక ఎలా విప్పుకుంటోందో తల తిప్పి చూడండి, అక్కడే తప్పు కనబడుతుంది. కరెంటు తీగల కింద, కాలువ గట్ల మీద చెట్ల కింద వద్దు. స్నానఘట్టాల దగ్గర కొక్కెంతో అసలు వద్దు, వెనక ఎవరొస్తారో తెలియదు.

నీళ్ళ మీదే నేర్చుకోవాలంటే సీతానగరం వైపు, ఉండవల్లి వైపు ఒడ్డు ఖాళీగా ఉన్న చోట పొద్దున్నే వెళ్ళండి. జిలేబి చేప చిన్న తడి ఫ్లైని (నీటిలో మునిగే రకం) బాగానే కొడుతుంది, పరిగెలు కూడా. శీలావతి, బొచ్చె మీద ఆశ పెట్టుకోవద్దు, అవి తినే తీరు వేరు, పిండి ముద్దే వాటికి సరి. తూటాకు, గుర్రపు డెక్క పెరిగిన మడుగుల్లో కొరమీను కప్ప ఆకారం ఫ్లైని దూకి పట్టుకుంటుంది. అది చూడాల్సిన దృశ్యమే, కానీ దాని పళ్ళకూ బలానికీ ట్రౌట్ రాడ్ చాలదు. బ్యారేజీ గేట్లకు దగ్గరగా, పైనా కిందా దిగొద్దు. వేసవిలో కింద ఇసుక మేటలు చూసి పొడినేల అనుకుంటాం, అక్కడ కూడా గేటు ఎత్తితే నీళ్ళే.

రాడ్ విషయానికి, అక్కడ అందరూ వాడేది తొమ్మిదడుగుల 5 నంబరు రాడ్ (ఈ నంబరు లైన్ బరువుని బట్టి ఉంటుంది), తేలే లైన్. దాని చివర తొమ్మిదడుగుల లీడర్ (కొసకి సన్నబడే దారం), ఆ చివర ఫ్లై కట్టే సన్నటి దారం టిపెట్, 5ఎక్స్ లేదా 6ఎక్స్ మందంలో. 6ఎక్స్ సుమారు కిలోన్నర బరువుకే తెగిపోతుంది. మీ చేతికి ఇదే పెద్ద పరీక్ష. బెండు మునగగానే మనం గాలాన్ని ఒక్క ఊపున పైకి లాగుతాం కదా, అక్కడ అలా లాగితే దారం తెగి ఫ్లై చేప నోట్లో ఉండిపోతుంది. రాడ్ కొసను కొద్దిగా ఎత్తితే చాలు. చేప పరిగెత్తితే వదలండి, ఆగితే చుట్టండి.

బందరు కాలువలో మీరు నేర్చుకున్నది పనికొచ్చే చోటు ఒకటుంది, అది బెండు చూడడం. డ్యామ్ కింద ట్రౌట్ ఎక్కువగా అడుగునే తింటుంది. అక్కడ దాని తిండి సోబగ్, స్కడ్ అనే చిన్న జీవులు, రెండూ రొయ్యలకు దూరపు చుట్టాలే, నాచులోనూ రాళ్ళ కిందా ఉంటాయి. వాటితో పాటు మిడ్జ్ అనే దోమ లాంటి పురుగు పిల్లలు. ఆ ఆకారంలో కట్టిన ఫ్లైలను అడుగుకి దింపి, పైన ఇండికేటర్ పెడతారు. అది మన బెండే. ఇండికేటర్ నుంచి ఫ్లైకి దూరం నీటి లోతుకి ఒకటిన్నర రెట్లు పెట్టండి. చేప తగలకపోతే ఫ్లై మార్చే ముందు లోతు మార్చండి. పదిమందిలో తొమ్మిదిమంది ఫ్లైలు మారుస్తూ పొద్దు గడిపేస్తారు, లోతు మాత్రం మార్చరు.

కాలువలో బెండు ఒకచోట నిలబడాలి. అక్కడ అది నీటితో పాటు సాగాలి, లాగినట్టు ఉండకూడదు. అసలు పురుగు ప్రవాహంలో ఎలా కొట్టుకుపోతుందో ఫ్లై అలాగే వెళ్ళాలి. మధ్యలో నీళ్ళు వడిగా ఉండి లైన్‌ను ముందుకి ఈడిస్తే, ఫ్లై కూడా అడ్డంగా ఈడ్చుకుపోతుంది, ట్రౌట్ అది చూసి పక్కకు తప్పుకుంటుంది. అందుకని విసిరిన వెంటనే రాడ్ ఎత్తి లైన్‌ను ఎగువ వైపుకి తిప్పి పరచాలి. ఇది ఎన్నిసార్లు చేసినా తక్కువే. సరిగ్గా వెళ్తోందో లేదో తెలుసుకోవడానికి పక్కనే తేలే నీటి బుడగలు చూడండి. అడుగున నీరు పైదాని కంటే నెమ్మదిగా సాగుతుంది, కాబట్టి మీ ఇండికేటర్ బుడగల కంటే కాస్త వెనకబడితే ఫ్లై అడుగున ఉన్నట్టు. బుడగలతో సమానంగా పరిగెత్తితే ఇంకొంచెం బరువు కట్టండి. ఇండికేటర్ మునగాలని చూడకండి, ఆగినా, వంగినా, పక్కకు జరిగినా రాడ్ ఎత్తండి. ట్రౌట్ ఫ్లైని నోట్లోకి తీసుకుని అది తిండి కాదని తెలియగానే ఉమ్మేస్తుంది, రెప్పపాటు సమయమే ఉంటుంది.

ఎక్కడ విసరాలి? వడి నీళ్ళూ నెమ్మది నీళ్ళూ కలిసే గీత మీద. చేప నెమ్మది నీటిలో నిలబడి వడి నీటిలో వచ్చే తిండి అందుకుంటుంది. పెద్ద రాయి వెనక, ఒడ్డు కింద తొలిచిన చోట, మోకాలి లోతు ఒక్కసారిగా తొడ లోతు అయ్యే అంచున.

ఫ్లైలు నాలుగు రకాలు చాలు, కొట్టువాడు చూపించినవన్నీ కొనకండి. బూడిద రంగు సోబగ్ 16 సైజు (సైజు అంటే కొక్కెం నంబరు, నంబరు పెరిగితే కొక్కెం చిన్నది), ఆలివ్ రంగు స్కడ్ 16, నలుపు లేదా ఎరుపు జీబ్రా మిడ్జ్ 18, ఆలివ్ ఊలీ బగ్గర్ 8 లేదా 10. చివరిది నీళ్ళు తగ్గుతూ రంగు మారి ఉన్నప్పుడు అడ్డంగా విసిరి చిన్నగా లాగడానికి.

పట్టిన చేప గురించి రెండు మాటలు. హేచరీ నుంచి వదిలిన రెయిన్‌బోలు తెచ్చుకోవడంలో తప్పు లేదు, పరిమితి లోపల ఉంటే. ఎన్ని, ఎంత సైజు అన్నది నదిలో ఒక్కో భాగానికి ఒక్కోలా ఉంటుంది, ఆ ఏటి రూల్ పుస్తకం చూసుకోండి. ముల్లు తక్కువ, పొలుసు చాలా సన్నం కాబట్టి గీకే పని లేదు. పులుసు పెడితే ముక్క విడిపోతుంది, కారం పట్టించి వేపుడు చేస్తేనే బాగుంటుంది. బ్రౌన్ ట్రౌట్‌ను మాత్రం వదిలేయమని నా మనవి. అది ఆ నదిలోనే గుడ్లు పెట్టి పెరిగిన చేప కావచ్చు, పెద్దది కావడానికి ఏళ్ళు పడుతుంది. కొక్కెం ముల్లును పట్టకారుతో నొక్కేయండి, వదలడం తేలికవుతుంది. చేతులు తడుపుకుని పట్టుకోండి, పొడి చేత్తో పట్టుకుంటే ఒంటి మీద జిగురు పొర పోయి చేపకు బూజు పడుతుంది. ఫొటో తీసేవాళ్ళు సిద్ధమయ్యాకే నీటి నుంచి ఎత్తండి. వదిలేటప్పుడు ప్రవాహానికి ఎదురుగా నిలబెట్టి, దానంతట అది వెళ్ళేదాకా పట్టుకోండి.

అక్కడి మర్యాద కూడా వేరు. మన ఘాట్ మీద పక్కపక్కనే కూర్చుని గాలాలు వేసి కబుర్లు చెప్పుకుంటాం. అక్కడ ఒకరున్న చోటికి వంద అడుగుల లోపు వెళ్తే ముఖం మాడ్చుకుంటారు. వాళ్ళు విసిరే నీటిలో నడవకండి, ఒడ్డు మీదుగా చుట్టూ తిరిగి వెళ్ళండి. పలకరిస్తే మాత్రం బాగా మాట్లాడతారు, ఏ ఫ్లై పని చేస్తోందో అడిగితే పెట్టె తెరిచి ఒకటి చేతిలో పెడతారు.

అల్లుడు కొన్న రాడ్‌కి హ్యాండిల్ పైభాగాన చిన్న అక్షరాలతో పొడవూ, లైన్ నంబరూ రాసి ఉంటాయి. అది ఫొటో తీయించి పంపమనండి. లైన్ పెట్టె మీద కూడా అదే నంబరు ఉందో లేదో చూడమనండి, రెండూ కలవకపోతే గ్రౌండ్‌లో ఎంత నేర్చుకున్నా అక్కడ విసరలేరు. ఆ వివరం తెలిస్తే ఇక్కడ ప్రాక్టీసుకి ఏ సైజు రాడ్ తెప్పించుకోవాలో చెప్తాను.